అయిదు వందలు కట్టినా ‘చెల్లించారు’ అంటోంది!

ప్రశ్న: సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ సంఘానికి కోశాధికారిని. నెలకు మెయింటెనెన్స్ 2,500 రూపాయలు. అంతకు తగ్గకుండా కడితే ‘చెల్లించారు’, లేకపోతే ‘బాకీ’ అని రావాలని స్ప్రెడ్‌షీట్‌లో (ఎక్సెల్ లాంటి లెక్కల పట్టికలో) ఇఫ్ ఫార్ములా రాశాను. అయిదు వందలే కట్టిన ఇద్దరికి కూడా ‘చెల్లించారు’ అని వస్తోంది. మా వాట్సాప్ గ్రూపులో పెట్టినా ఎవరికీ అంతుపట్టలేదు. ఫైలు జతచేశాను.

జవాబు: ఇదే ఫిర్యాదు నెల తప్పకుండా వస్తుంది. దాదాపు ప్రతిసారీ ఫార్ములా నిర్దోషే. ఆ రెండు గడుల్లో ఉన్నది 500 కాదు, 500లా కనిపించే అక్షరాలు. బ్యాంకు వెబ్‌సైటు నుంచి కాపీ చేసి అతికించినట్టున్నారు. మిగతా అంకెలన్నీ గడిలో కుడివైపున ఉంటే, ఇవి రెండూ ఎడమ అంచుకు అంటుకుని ఉన్నాయి. స్ప్రెడ్‌షీట్ దృష్టిలో ఎంత పెద్ద అంకె కంటే అయినా అక్షరాలే పెద్దవి. కాబట్టి ఇలా అతికిస్తే అయిదు రూపాయలు కట్టినవారు కూడా బాకీ తీర్చినట్టే. మొత్తం కూడే సమ్ ఫార్ములా మాత్రం ఈ గడులను వదిలేస్తుంది. మీరు రాయలేదు గానీ, బ్యాంకు జమకూ మీ మొత్తానికీ ఉన్న వెయ్యి రూపాయల తేడా ఇదే.

పక్క గడిలో, అక్షరాలను లెక్కపెట్టే లెన్ ఫార్ములా వేసి చూడండి. 500కు మూడు రావాలి, నాలుగు వస్తోంది. ఆ నాలుగోది వెబ్ పేజీల నుంచి వచ్చే ఒక రకం ఖాళీ, దాని కోడ్ 160. అదనపు ఖాళీలను తీసేసే ట్రిమ్ దాని జోలికి పోదు. సబ్‌స్టిట్యూట్‌తో క్యార్ 160ను, అంటే ఆ ఖాళీని, తొలగించి, ఆ ఫలితాన్ని అక్షరాలను అంకెగా మార్చే వాల్యూకు అప్పగించండి.

నా కోపం మాత్రం మీ మీద కాదు. చిరునామాల వరుసలో 9-12-5 అన్న డోరు నంబరు 2005 డిసెంబరు 9 అయిపోయింది. మూడు ముక్కల డోరు నంబర్లున్న విశాఖలో ఇది నిత్యం ఎదురయ్యే బాధే. అడగని చోట ఇంత చొరవ చూపే సాఫ్ట్‌వేర్, అంకెనూ అక్షరాన్నీ పోల్చమంటే ఒక్క హెచ్చరికైనా లేకుండా తీర్పు చెప్పేస్తుంది! ఆ చిరునామాల వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చి, తర్వాత నంబర్లు వేయండి.

ఇప్పుడు మీ మీద కోపం. మీ ఫైల్లో డి నిలువు వరుస తర్వాత నేరుగా హెచ్ ఉంది. మధ్యలో దాచినవాటిని తెరవడానికి మౌసుతో రెండు నొక్కులు చాలాయి. అద్దెదారుల ఆధార్ నంబర్లు, ఫోన్లు, అడ్వాన్సు తిరిగి వేయాల్సిన ఖాతాలు అన్నీ బయటపడ్డాయి. వరుసను దాచడమంటే తలుపు దగ్గరకు వేయడమే, తాళం వేయడం కాదు. షీటుకు పెట్టే పాస్‌వర్డ్ కూడా దిద్దుబాట్లను ఆపడానికే గానీ రహస్యాలను కాపాడటానికి కాదు. ఫైలు తెరవడానికే పాస్‌వర్డ్ పెడితేనే లోపలిది ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే ఇతరులు చదవలేని సంకేతాలుగా మారుతుంది. సాయం అడగాలంటే కొత్త ఫైలు తెరిచి, ఉత్తుత్తి పేర్లతో అయిదు వరుసలు చేసి పంపండి, తప్పు అందులోనూ కనిపిస్తుంది. ఎవరైనా ‘సరిచేశాను’ అంటూ తిప్పి పంపిన ఫైలు మాక్రోలకు (ఫైల్లోనే ఉండే చిన్న ప్రోగ్రాములకు) అనుమతి అడిగితే ఇవ్వకండి. ఇఫ్‌ను దిద్దడానికి మాక్రోతో పని లేదు. నాకు వచ్చిన ఫైలు చెరిపేశాను. మీ గ్రూపులో ఎన్ని ఫోన్లలోకి చేరిందో మీరే లెక్క వేసుకోండి.

ప్రశ్న: గాజువాకలో ట్యూషన్ చెబుతాను. మార్కులు 35కూ 60కీ మధ్య ఉన్నాయా అని ‘35 <= బి2 <= 60’ రాస్తే అందరికీ ఫాల్స్ వస్తోంది.

జవాబు: బడిలో అలాగే రాస్తాం, ఇక్కడ కుదరదు. మొదటి సగానికి ట్రూ వచ్చినా ఫాల్స్ వచ్చినా, తర్వాత 60తో పోల్చేది దాన్నే. చాలా స్ప్రెడ్‌షీట్లలో ఆ రెండూ ఏ అంకె కంటే అయినా పెద్దవే. యాండ్ ఫార్ములా లోపల రెండు షరతులనూ విడివిడిగా రాయండి.