నీ 30 పడకల ఆసుపత్రి గురించి, పెద్దమ్మ నుంచి

తల్లీ,

ఆర్కిటెక్చర్ కాలేజీ ప్రాజెక్టు కోసం గీసి నువ్వు పంపిన షీట్లన్నీ చూశాను. ఆదివారం భోజనాలయ్యాక ముందేసుకుని కూర్చుంటే టీ వేళ దాకా వాటితోనే సరిపోయింది. పని చూసి తప్పొప్పులు చెప్పే జ్యూరీ అయ్యాక ఏడ్చావని మీ అమ్మ చెప్పింది, నువ్వు చెప్పలేదు. మూడు రాత్రులు నిద్ర మానుకుని గీసినదాన్ని ఎవరో రెండు నిమిషాలు చూసి "కాన్సెప్ట్ ఏదమ్మా, కనిపించట్లేదే" అంటే ఎవరికైనా కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఆ మాట విని నువ్వు తీసుకున్న నిర్ణయం ఉంది చూడు, ఈసారి ఇంకా గట్టి కాన్సెప్ట్ వెతుక్కుంటానని రాశావే, అది మాత్రం నాకు నచ్చలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ప్లాన్ దోసిలి ఆకారంలో వేశావు. రెండు చేతులు కలిపి పట్టినట్టు రెండు వార్డులు, మధ్యలో ఓపీ. పైనుంచి చూస్తే అందంగానే ఉంది. అయితే పైనుంచి చూసేది ఎవరు? మోడల్ చుట్టూ నిలబడ్డ నలుగురు జ్యూరీ వాళ్లు, అంతే. రాత్రి రెండింటికి నొప్పులు పడుతూ ఆటోలో వచ్చిన అమ్మాయికి దోసిలి కనిపించదు. గేటు ఎక్కడుంది, లైటు వెలుగుతోందా, ఆటో లోపలిదాకా వెళ్తుందా, దిగాక ఎన్ని మెట్లు ఎక్కాలి, ఇవే కనిపిస్తాయి. నీ షీట్లలో ఆటో ఎక్కడ ఆగుతుందో పది నిమిషాలు వెతికాను. 108 వచ్చే దారీ, ఓపీకి నడిచి వచ్చేవాళ్ల దారీ ఒకటే చేశావు. పైగా ఐదు మెట్లు పెట్టి ర్యాంపు వెనక్కి నెట్టావు. ప్లింత్, అంటే నేల మీంచి గచ్చు ఎత్తు, రెండున్నర అడుగులు ఉందంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల వాలులో ర్యాంపుకి ముప్పై అడుగుల పొడుగు కావాలి, మధ్యలో కాస్త ఆగేచోటు వేరే. అంత పొడుగున్నదాన్ని చివర్లో ఎక్కడో ఇరికించడం కుదరదు. మొదటి రోజు ప్లాన్ మొదలయ్యేది దానితోనే.

ఇంకొక లెక్క చెప్తాను. కమ్యూనిటీ హెల్త్ సెంటర్ అంటే 30 పడకలు అని నీ బ్రీఫ్‌లో ఇచ్చారు, నువ్వు 30 మంచాలు గీసి వదిలేశావు. మన ఊళ్లలో ఆసుపత్రికి ఒక్కరే ఎవరు వస్తారు? కాన్పుకి వచ్చిన అమ్మాయి వెంట అమ్మ, అత్త, మొగుడు, ఊళ్లోంచి తోడొచ్చిన ఆశా వర్కర్, ఇంటి దగ్గర చూసుకునేవాళ్లు లేక వెంట తెచ్చిన పెద్దపిల్ల. మనిషికి ఇద్దరు చొప్పున వేసుకున్నా ఇంకో 60 మంది. వాళ్లకి నువ్వు ఇచ్చింది పన్నెండు కుర్చీల వెయిటింగ్ హాలు. వాళ్లు కుర్చీల్లో కూర్చోరమ్మా. చాప పరుచుకుంటారు, క్యారేజీ విప్పుతారు, చీరతో ఉయ్యాల కట్టడానికి ఏదైనా కడ్డీ ఉందా అని చూస్తారు, బాలింతకి వేడినీళ్లు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. రాత్రికి వరండాలో వరసగా పడుకుంటారు. ఆ ఆశా వర్కర్ తెల్లారేదాకా ఎక్కడ నడుం వాలుస్తుందో నీ ప్లాన్‌లో చూపించగలవా? చూపించగలిగిన రోజున కాన్సెప్ట్ ఏదని ఎవరూ అడగరు.

నువ్వు చేయాల్సిన మొదటి పని ఒక ప్రభుత్వాసుపత్రికి వెళ్లి కూర్చోవడం. సైట్ విజిట్ అంటూ ఇరవై మంది బస్సులో వెళ్లి ఫొటోలు తీసుకుని, పక్కనే టిఫిన్ చేసి వచ్చేది కాదు నేను చెప్పేది. ఒక్కదానివే వెళ్లు, లేదా ఒక స్నేహితురాలిని తీసుకెళ్లు. పొద్దున ఓపీ మొదలయ్యే వేళ ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. కెమెరా లోపలే పెట్టుకో, జబ్బుతో ఉన్నవాళ్లని ఫొటోలు తీయడం మర్యాద కాదు. చెప్పులు ఎక్కడ విడుస్తున్నారో చూడు. నీడ జరిగేకొద్దీ జనం ఎటు జరుగుతున్నారో చూడు. ఊడ్చే ఆమె బకెట్టూ చీపురూ ఎక్కడ దాచుకుంటోందో చూడు, ఎందుకంటే ఆమెకి మనం ఎవ్వరం చోటివ్వం, పాపం మెట్ల కింద సర్దుకుంటుంది. దగ్గుతున్నవాళ్లు ఎక్కడ కూర్చున్నారు, వాళ్ల పక్కన పసిపిల్లలు ఉన్నారా, అక్కడ గాలి ఆడుతోందా? టీబీ లాంటి జబ్బుల దగ్గర కిటికీలు ఎదురెదురుగా ఉండటం అన్నది అందం కోసం కాదు, ప్రాణాల కోసం. రాత్రి ఇంటికొచ్చాక చూసినదంతా ప్లాన్ మీద మనుషుల బొమ్మలతో వెయ్యి. గోడలు తర్వాత వాళ్ల చుట్టూ వస్తాయి.

ఇదంతా నాకు మొదటి నుంచీ తెలుసనుకోకు. పనిలో చేరిన నాలుగో ఏడో ఐదో ఏడో ఆడపిల్లల హాస్టల్ ఒకటి నా చేతికొచ్చింది. ముందు వైపు సన్నటి ఇటుక జాలీలు, పొడుగాటి వరండా, గీసేటప్పుడు ఎంత మురిసిపోయానో. పిల్లలు చేరిన మూడు నెలలకి వెళ్లి చూస్తే జాలీలన్నిటికీ తాళ్లు కట్టి బట్టలు ఆరేశారు. నాకు కోపం వచ్చింది. వార్డెన్‌తో గట్టిగానే మాట్లాడాను. ఆవిడ ఏమీ అనకుండా నన్ను వెనక్కి తీసుకెళ్లి "మరి ఎక్కడ ఆరేసుకోమంటారో చూపించండి మేడమ్" అంది. రెండొందల మంది ఆడపిల్లలు ఉండే చోట దండెం కట్టుకునే జాగా నేను గీయలేదు. లోదుస్తులు నలుగురి కంట పడకుండా ఎండలో ఆరేసుకునే చోటు కావాలన్న సంగతే నాకు తట్టలేదు. నేనూ ఆడదాన్నే, హాస్టల్లో ఉండి చదువుకున్నదాన్నే, అయినా తట్టలేదు. ఆ తర్వాత ఏ పని చేసినా బట్టలు ఎక్కడ ఆరతాయి అన్నదే నా మొదటి ప్రశ్న. నీ ఆసుపత్రిలో కూడా 30 మంది దుప్పట్లు ఆరాలి, గుర్తు పెట్టుకో.

ఎండ సంగతికి వద్దాం. ఉత్తరం వైపు పెద్ద పెద్ద కిటికీలు పెట్టి సజ్జాలు తీసేశావు, ఉత్తరపు వెలుతురు చల్లగా ఉంటుందని పక్కన నోట్ కూడా రాశావు. ఆ మాట చలిదేశాల పుస్తకాల్లోంచి వచ్చింది. విజయవాడ పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి ఒరుగుతాడు. పొద్దున్నా సాయంత్రమూ ఏటవాలుగా ఉత్తరపు గోడ మీదే కొడతాడు. అంటే సరిగ్గా రోహిణి కార్తెలో నీ బాలింతల వార్డులోకి ఎండ వస్తుంది. పుస్తకం మూసి ఒక నెల రోజులు మీ హాస్టల్ గోడ మీద నీడ గీతలు గుర్తు పెట్టి చూడు. పడమటి గోడ గురించి వేరే చెప్పక్కర్లేదు, అటు మెట్లూ స్టోరూ బాత్రూములూ నెట్టు.

ఇవన్నీ ప్లాన్‌లో తేలవు, భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపించే సెక్షన్‌లో తేలతాయి. నువ్వు సెక్షన్ చివరి రాత్రి గీశావని చూడగానే తెలిసింది, కిటికీ అడుగు అన్ని గదుల్లోనూ మూడడుగులే. మంచం మీద పడుకున్న మనిషికి మూడడుగుల కిటికీలోంచి ఏం కనిపిస్తుంది? ఆకాశం ముక్క తప్ప ఇంకేమీ కనిపించదు. దాన్ని రెండడుగులకి దించి, బయట ఒక వేపచెట్టు ఉంచి, వర్షపు జల్లు లోపలికి రాకుండా సజ్జా ఎంత ముందుకి రావాలో గీసి చూడు. మన పాత ఇళ్లలో ఈ లెక్కలన్నీ ఉన్నాయి. గోదావరి వైపు మండువా లోగిలిలో నడిమధ్య ఆకాశం, చుట్టూ వసారా, వీధివైపు అరుగు. అరుగంటే ఏమిటి? ఇంట్లోకి రాకుండానే నీడన కూర్చోవడానికి ఇంటివాళ్లు దారినపోయేవాళ్లకి ఇచ్చిన చోటు. నీ ఆసుపత్రికి కావలసిన వెయిటింగ్ హాలు అదే. ఏసీ గది కంటే పొడుగాటి అరుగూ, పైన పెంకుల చూరూ, పక్కన కుళాయీ ఆ 60 మందికి ఎక్కువ పనికొస్తాయి. నాపరాయి పరిస్తే కడగడానికీ సులువు, పడుకోవడానికీ చల్లన.

ఆర్కిటెక్ట్ లారీ బేకర్ గురించి చదివే ఉంటావు. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, ఇక్కడికొచ్చి, కేరళలో ఇళ్లు కట్టి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూశాడు. ఇల్లు కట్టే సామాను చుట్టుపక్కల ఐదు మైళ్లలోనే దొరకాలని గాంధీగారు తనతో అన్న మాట ఆయన జీవితమంతా పట్టుకున్నాడు. ఇటుకల్ని నిలబెట్టి మధ్యలో గుల్ల వదిలి కట్టే ర్యాట్ ట్రాప్ బాండ్ ఆయన పనుల్లో చూడు, పావు వంతు ఇటుకలు మిగులుతాయి, ఆ గుల్లలో ఉన్న గాలి వేడిని ఆపుతుంది. అయితే ఆయన్ని కాపీ కొట్టకు. కేరళ వాన వేరు, మన ఎండ వేరు. ఆయన పనిచేసిన తీరు నేర్చుకో, సైట్‌లో మేస్త్రీ పక్కన నిలబడి, ఉన్న చెట్టుకి అడ్డం రాకుండా గోడని వంచి కట్టించే ఓపిక. మేస్త్రీ అంటే గుర్తొచ్చింది, ఈ సెలవుల్లో ఏదైనా ఇల్లు కడుతున్న చోట పది రోజులు నిలబడు. సెంట్రింగ్ కొట్టేటప్పుడు, శ్లాబ్ పోసేటప్పుడు, తర్వాత నీళ్లు కట్టి క్యూరింగ్ చేసేటప్పుడు. కాగితం మీద నువ్వు ఒక్క గీతలో వేసింది అక్కడ ఎంతమంది నెత్తి మీద మోస్తున్నారో తెలుస్తుంది, గీత వేసే చెయ్యి దానంతటదే జాగ్రత్తపడుతుంది.

నీ ఉత్తరం చివర్లో నువ్వు అడిగిన ప్రశ్నకి వస్తున్నాను. ఇంజనీరు ఉన్నాడు, మేస్త్రీ ఉన్నాడు, వాస్తు చెప్పే ఆయన ఉన్నాడు, ఇప్పుడు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది, మరి ఆర్కిటెక్ట్ ఎందుకు అని. నీ బాధ నాకు అర్థమైంది. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కూడా మనకి కాపాడి పెట్టింది ఆ పేరునే. రిజిస్టర్ కాకుండా ఆర్కిటెక్ట్ అని చెప్పుకోకూడదు, కానీ ఆ పని చేయడానికి అడ్డం లేదు, 2020లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. మన ఊళ్లలో ఇల్లు కట్టుకునేవాళ్లు నా దగ్గరికొచ్చి "ప్లాన్ అయిపోయిందండీ, మంచి ఎలివేషన్ ఒకటి ఇవ్వండి" అని, అంటే ముందు వైపు రూపం ఒక్కటే గీసిమ్మని అడిగిన రోజులు నేను చాలా చూశాను. బాధేస్తుంది.

నేను ఇన్నేళ్లలో తెలుసుకున్నది ఒకటే. మీటింగులో డబ్బు పెట్టేవాడు ఉంటాడు, కాంట్రాక్టరు ఉంటాడు, ఆఫీసరు ఉంటాడు. వండేవాళ్లు, ఊడ్చేవాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు, ఇంకా పుట్టని పిల్లలు ఆ గదిలో ఉండరు. వాళ్ల తరఫున మాట్లాడే మనిషి ఆర్కిటెక్టే. ఆ మాట గట్టిగా, లెక్కలతో, గీసి చూపించి చెప్పడం కోసమే నీకు ఐదేళ్ల చదువు. వాస్తు అడిగినవాళ్లతో గొడవ పడకు. ఆగ్నేయంలో వంటిల్లు కావాలంటే ఇచ్చి, అందులో పొగ బయటికి పోయేలా, నిలబడే ఆవిడకి వెలుతురు వచ్చేలా చెయ్యి. గాలీ వెలుతురూ దెబ్బతింటాయంటే మాత్రం ఒప్పుకోకు.

థీసిస్‌కి ఇళ్లు తీసుకోవాలనుందన్నావు కదా, అయితే ఇండోర్ వెళ్లి ఆర్కిటెక్ట్ బి.వి. దోషీ చేసిన అరణ్య చూసి రా. 1980లలో తక్కువ ఆదాయం వాళ్ల కోసం చేసిన కాలనీ. చాలా ప్లాట్లలో ఆయన ఇచ్చింది పునాదీ, నీళ్లూ, మరుగుదొడ్డీ. మిగతాది డబ్బు చేతికొచ్చినప్పుడల్లా కట్టుకోమని ఇంటివాళ్లకి వదిలేశాడు. ఎలా ఉంటుందో చూపించడానికి 80 మాదిరి ఇళ్లు కట్టాడు. అన్నీ నేనే గీస్తాను అనకుండా ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం చాలా కష్టమైన డిజైన్, నాకు ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు. తెలంగాణలో ప్రభుత్వం పేదలకి కట్టించిన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు 560 చదరపు అడుగులు. కొడుక్కి పెళ్లైతే ఆ ఇల్లు ఎటు పెరుగుతుంది? ఈ ఒక్క ప్రశ్న మీద థీసిస్ చేయొచ్చు.

జ్యూరీ గురించి రెండు మాటలు. రెండర్లతో, అంటే ఆ రంగురంగుల కంప్యూటర్ బొమ్మలతో, మొదలుపెట్టకు. ఆ ఆటోలో వచ్చిన అమ్మాయితో మొదలుపెట్టి, గేటు దగ్గర నుంచి మంచం దాకా తీసుకెళ్లు. ఎవరైనా తప్పు చూపిస్తే వాదించకుండా రాసుకో. మోడల్ మీద చెయ్యి వేసి విరిచేవాళ్లు కూడా ఉంటారు, నా మోడల్ ఒకటి అలాగే పోయింది, అలా చేయడం తప్పు, అది నీ విలువకి కొలత అనుకోకు. మూడు రాత్రులు మేలుకోవడం మాత్రం మానెయ్. షీట్లు పదిలోంచి ఆరుకి తగ్గించుకుంటే ఆ రాత్రులు నీకు మిగులుతాయి.

కొరియర్‌లో ఐదు మీటర్ల టేపు ఒకటి పంపాను. వచ్చే శనివారం నాకు గుంటూరులో పనుంది, శుక్రవారం రాత్రికే విజయవాడ వచ్చి మీ అమ్మ దగ్గర ఉంటాను. నువ్వు కూడా హాస్టల్ నుంచి వచ్చెయ్. తెల్లవారుజామున ఐదున్నరకి బయల్దేరితే ఓపీ చీటీల క్యూ మొదలయ్యేసరికి ఆసుపత్రి గేటు దగ్గరుంటాం. చెప్పులు గట్టివి వేసుకుని, ట్రేసింగ్ కాగితం నాలుగు ముక్కలు పట్టుకురా.

మీ పెద్దమ్మ