కాన్పయ్యాక కూడా ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు తగ్గకపోతే ఏం చేయాలి?

గర్భంతో ఉన్నప్పుడు ప్రొజెస్టెరాన్ హార్మోన్ అన్నవాహిక చివరి కండరాన్ని వదులు చేస్తుంది, గర్భసంచి జీర్ణాశయాన్ని కింది నుంచి నెడుతుంది; దాంతో పొట్టలోని ఆమ్లం పైకి ఎగదన్ని మంట పుడుతుంది. కాన్పుతో ఈ రెండూ తగ్గుతాయి కాబట్టి చాలామందికి మంట దానంతటదే పోతుంది.

పోలేదంటే ముందు మందుల కవరు చూడండి. కుట్ల నొప్పికిచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు, ఐరన్ మాత్రలు పొట్టలో మంట పెంచుతాయి. నొప్పి మాత్ర పరగడుపున వేసుకోవద్దు.

తర్వాత బాలింత పథ్యం. వెల్లుల్లి కారం, నెయ్యి కలిపి నాలుగు ముద్దలు తినగానే బిడ్డను పక్కలో వేసుకుని పడుకునే పాలిస్తారు. మంట రాకేం చేస్తుంది! ఇంట్లో పెద్దవాళ్లతో గొడవెందుకు గానీ, కారం తగ్గించి కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి. తిన్నాక 2-3 గంటలు నడుం వాల్చకుండా, కూర్చునే పాలివ్వండి. రాత్రి ఎడమవైపు తిరిగి పడుకోండి. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెడితే ఇంకా మేలు.

పొట్టలో ఆమ్లం తగ్గించే ఫామోటిడిన్, ఒమెప్రజోల్ మందులు తల్లిపాలలోకి చాలా తక్కువగానే వెళ్తాయి. డాక్టరుని అడిగి వాడండి.

పొట్ట పైభాగంలో నొప్పితో పాటు తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే గ్యాసేలే అని ఊరుకోకండి. కాన్పు తర్వాత 6 వారాల వరకూ బీపీ ప్రమాదకరంగా పెరగొచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.