పుహోల్స్‌ని వదులుకోవడం పిసినారితనమేనా?

ప్రశ్న: సెయింట్ లూయిస్‌లో ఉంటున్నాం. హెచ్1బి ఉద్యోగం, జీతం ఏడాదికి లక్షా 20 వేల డాలర్లు, ఇంటి ఖర్చు నెలకి 5 వేలు. వీసా భయంతో ఆరేళ్లుగా దాచిన లక్షా 40 వేలూ వడ్డీ పెద్దగా రాని చెకింగ్ అకౌంట్‌లోనే ఉన్నాయి. 401కె అనే రిటైర్మెంట్ ఖాతాలో నేను వేసినదానికి తోడు జీతంలో 4 శాతం దాకా కంపెనీ కూడా వేస్తానన్నా (దీన్నే మ్యాచ్ అంటారు) చేరలేదు. మా ఆవిడ పిసినారినంటోంది. స్టార్ ఆటగాడు పుహోల్స్‌ని వదులుకున్నప్పుడు మా ఊరి బేస్‌బాల్ జట్టు కార్డినల్స్‌నీ ఇలాగే అన్నారు కదండీ?

జవాబు: పోలిక మీరే తెచ్చారు కాబట్టి దాన్నే పట్టుకుందాం. 2011లో కార్డినల్స్ బేస్‌బాల్ ఫైనల్స్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచిన కొద్ది వారాలకే ఆల్బర్ట్ పుహోల్స్ పదేళ్లకి 24 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ మీద ఏంజెల్స్ జట్టుకి వెళ్లిపోయాడు. అప్పటికే అతనికి 32 నిండబోతున్నాయి. కార్డినల్స్ అంత ఇవ్వలేదు. అలాగని మిగిలిన డబ్బు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారా? రెండేళ్లకి 2 కోట్ల 60 లక్షలిచ్చి కార్లోస్ బెల్ట్రాన్‌ని తెచ్చుకున్నారు. యాడియర్ మొలీనాకి ఐదేళ్లకి ఏడున్నర కోట్లు రాసిచ్చారు. పుహోల్స్ వెళ్లినందుకు పరిహారంగా దక్కిన డ్రాఫ్ట్ పిక్‌తో (కొత్త కుర్రాళ్లలోంచి ఒకణ్ణి ఎంచుకునే హక్కుతో) మైకేల్ వాకా అనే కుర్రాణ్ణి తీసుకున్నారు. 2013లో లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) ఆ కుర్రాడే, జట్టు మళ్లీ వరల్డ్ సిరీస్ ఆడింది. ఏంజెల్స్ అయితే 2021 మేలో, కాంట్రాక్ట్ ఇంకా ముగియకుండానే, పుహోల్స్‌ని పంపించేశారు.

ఫ్లోరిడా మార్లిన్స్ అనే ఇంకో జట్టు కథ వేరు. 1997లో ఛాంపియన్లు. ఖర్చు తగ్గించుకోవాలని పేరున్న ఆటగాళ్లని వరసగా వదిలించుకుని, 1998లో 108 మ్యాచ్‌లు ఓడారు. ఇల్లు కూలగొట్టి ఇటుకలమ్ముకోవడం లాంటిదది.

మీ వీసా భయం ఉత్తది కాదు. ఉద్యోగం పోతే అమెరికాలో ఉండడానికి మహా అయితే 60 రోజుల గడువు. కాబట్టి ఏడాది ఖర్చుకి 60 వేలు పక్కనుంచండి, ఎవరేమన్నా సరే. కాకపోతే చెకింగ్‌లో కాదు, వడ్డీ బాగా ఇచ్చే సేవింగ్స్ అకౌంట్‌లో. ఇంతవరకూ మీరు కార్డినల్సే.

401కె దగ్గర మాత్రం మీ ఆవిడ మాటే నిజం. ఏడాదికి 4,800 చొప్పున ఆరేళ్లలో 28,800 డాలర్ల మ్యాచ్ వదిలేశారు! ఇండియా వెళ్లిపోయినా ఆ ఖాతా మీదే. 59న్నర ఏళ్లలోపు తీస్తే పన్నుకి తోడు మామూలుగా 10 శాతం పెనాల్టీ పడుతుంది. అందుకే ఆ 60 వేలు బయట ఉంచమన్నది.

మిగతా 80 వేలు? మూడు నాలుగేళ్లలో ఇల్లు కొనాలనుంటే సీడీల్లో (బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో) వేయండి, లేకపోతే కొంచెం కొంచెంగా ఇండెక్స్ ఫండ్‌లోకి (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఫండ్‌లోకి). ముందు ఈ సోమవారం హెచ్ఆర్ పోర్టల్ తెరిచి ఆ 4 శాతం పెట్టండి. మ్యాచ్ పడిన మొదటి పే స్టబ్ (జీతం స్లిప్పు) మీ ఆవిడకి చూపించండి. పుహోల్స్ సంగతి ఆవిడ దగ్గర ఎత్తకపోతేనే మంచిది.