పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా సైకిలు: నది వెంట కాదు, రైలు పట్టాల వెంట వెళ్లండి

మీ ప్రశ్న చదివాను. విశాఖ నుంచి మీరూ, అరవై దాటిన మీ నాన్నగారూ కలిసి రెండు రోజులు వంశధార లోయలో సైకిలు తొక్కాలనుకుంటున్నారు. లారీలు ఉండకూడదు, ఘాట్ రోడ్లు వద్దు, నది కనిపిస్తూ ఉండాలి. ఈ మూడింట్లో మొదటి రెండూ దొరుకుతాయి. మూడోదాని మీద ఆశ కాస్త తగ్గించుకుని రండి.

నాది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, బట్టల కొట్టు. షుగరు వచ్చిందని డాక్టరు నడవమన్నాడు. నడక నాలుగు రోజులకే విసుగొచ్చి సైకిలు కొన్నాను. అది తొమ్మిదేళ్ల కిందటి మాట. తొమ్మిదిన్నరకి కొట్టు తెరవాలి కాబట్టి ఐదింటికే బయల్దేరి, కాశీనగరం దాకా వెళ్లి, టిఫిను చేసి తిరిగొచ్చేవాణ్ణి. అంత ప్రశాంతమైన రోడ్డు ఈ చుట్టుపక్కల లేదని కనిపించినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి కూడా. ఒకసారి కొట్టుకి సెలవు పెట్టి తీరిగ్గా పదింటికి బయల్దేరాను. అదే రోడ్డు. ఇసుక ట్రాక్టర్లు, బడి పిల్లల ఆటోలు, హారను మీద నుంచి చెయ్యి తియ్యని బస్సులు. సగం దూరం వెళ్లి వెనక్కి వచ్చేశాను. నేను ఇన్నాళ్లూ మెచ్చుకున్నది రోడ్డుని కాదు, టైముని అని ఆ రోజు అర్థమైంది. అందుకే ముందు చెప్పేస్తున్నాను: ఏ రోడ్డు అని కాదు, ఏ వేళకి అని ప్లాను వేసుకోండి. తెల్లవారాక మొదటి మూడు గంటలూ మీవి. ఆ తర్వాత రోడ్డు ఊరివాళ్లది.

ఇంకో మాట. మీరు పర్లాకిమిడిలో రైలు దిగగానే నది కనిపిస్తుంది అనుకుంటున్నట్టున్నారు. కనిపిస్తుంది గానీ అది వంశధార కాదు, మహేంద్రతనయ. మహేంద్రగిరి కొండల వైపు నుంచి వచ్చి, మా ఊరినీ పాతపట్నాన్నీ పలకరించి, కిందికి పోయి వంశధారలో కలుస్తుంది. అసలు వంశధార కలహండి జిల్లాలో పుట్టి, రాయగడ జిల్లా మీదుగా గుణుపురం, కాశీనగరం వైపు దిగి, దాదాపు 250 కిలోమీటర్లు నడిచి కళింగపట్నం దగ్గర సముద్రంలో పడుతుంది. కాబట్టి కాశీనగరం చేరేదాకా మీరు పొలాల మధ్య తొక్కుతుంటారు, నది పక్కన కాదు. అదేమీ తక్కువ కాదు. కార్తీకంలో వరి పండి రోడ్డుకి రెండు పక్కలా వాలిపోయి ఉంటుంది, వెనక నీలంగా కొండలు.

దారి విషయానికొస్తే, నది వెంట కాదు, రైలు పట్టాల వెంట వెళ్లండి. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వేశారు, రెండున్నర అడుగుల గేజి. 1931 నాటికి దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆ రైలు ఆగిపోయింది. గేజి మార్చి పెద్ద పట్టాలు వేశాక, 2011లో గుణుపురానికి మళ్లీ రైలు వచ్చింది. ఆ చిన్న ఇంజను పెద్ద ఎత్తులు లాగలేదు కదా, అందుకని అప్పట్లో లైను వేసినవాళ్లు కొండల మధ్య చదునుగా ఉన్న చోటే వెతికి పట్టుకున్నారు. ఆ కష్టం ఇవాళ మనకి కలిసొస్తుంది. రోడ్డు పట్టాలకి దగ్గరగా ఉన్నంతసేపూ పెద్దగా ఎత్తుపల్లాలు ఉండవు. పట్టాలు వదిలి ఉత్తరంగా కొండల వైపు తిరిగారా, నాన్నగారి మోకాళ్లు మిమ్మల్ని తిడతాయి. లెవెల్ క్రాసింగుల దగ్గర మాత్రం ఏటవాలుగా దాటకండి. పట్టా పక్కన సందులో టైరు ఇరుక్కుంటుంది. నేను పడ్డాను, ముంజేతి మీద మచ్చ ఇంకా ఉంది.

పర్లాకిమిడి నుంచి కాశీనగరం పాతిక కిలోమీటర్ల పైచిలుకు. అక్కణ్ణుంచి గుణుపురం ఇంచుమించు ఇంకో అంత. మొదటి రోజు గుణుపురం దాకా వెళ్లి పడుకోండి, లాడ్జీలు దొరుకుతాయి. రెండో రోజు అదే దారిన వెనక్కి రండి. వెళ్లిన దారినే రావడమేంటి అంటారేమో. ఎండ ఇటు నుంచి అటు మారితే లోయ వేరేగా ఉంటుంది. పైగా బత్తిలి, భామిని మీదుగా ఆంధ్రా వైపు నుంచి లూపు తిప్పుదామని నేను రెండుసార్లు చూశాను. బస్సులూ లారీలూ అటే ఎక్కువ.

కాశీనగరంలో టిఫినుకి ఆగండి. ఉప్మా అడిగితే దాని మీద వేడి వేడి బఠాణీ గుగ్గిని పోసి ఇస్తారు. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు మొదట మొహం చిట్లిస్తారు, రెండో ముద్దకి మాట్లాడరు. బడ్డీవాళ్లతో తెలుగులోనే మాట్లాడొచ్చు. గుణుపురంలో కూడా బజారులో తెలుగు నడుస్తుంది. బోర్డులు మాత్రం ఒడియాలో ఉంటాయి. 'కెతె దూర' (ఎంత దూరం) అన్న ఒక్క మాట నేర్చుకుని రండి, చాలు. జవాబు అర్థం కాకపోయినా చెయ్యి ఎటు చూపిస్తారో తెలుస్తుంది.

కాశీనగరం దాటాక ఫోనులో మ్యాపు చూసి ఏటి ఒడ్డున సన్నగా ఒక తెల్లగీత కనిపిస్తోందని అటు తిప్పకండి. నేను తిప్పాను. మొదటి కిలోమీటరు బండి బాట, బాగానే ఉంది. తర్వాత మొక్కజొన్న చేను గట్టు. తర్వాత ఇసుక. మ్యాపులో అది అవతలి ఒడ్డుకి రోడ్డే. నిజానికి వేసవిలో మోకాలి లోతు నీళ్లలో జనం నడిచి దాటే రేవు. ఇసుకలో సైకిలు తొయ్యలేక భుజాన వేసుకుని, ఒక గేదెల కాపరి నవ్వుతూ చూస్తుంటే వెనక్కి వచ్చాను. తర్వాత వారం రోజులు చక్రాల్లో ఇసుక కరకరలాడింది. నది చూడాలంటే వంతెనల మీద ఆగండి, ఊళ్లలో స్నానాల రేవు ఎక్కడో అడిగి సైకిలు వదిలి నడిచి వెళ్లండి. అంతకన్నా దగ్గరగా సైకిలు పోదు.

అసలు ఇబ్బంది లారీలది కాదు, కళ్లాలది. సంక్రాంతి ముందూ వెనకా ఈ రోడ్లన్నీ కళ్లాలైపోతాయి. వడ్లు ఆరబోస్తారు, చోళ్లు (రాగులు) ఆరబోస్తారు, వాటి మీద నుంచి పోతే గింజలు పక్కకి చెదురుతాయి, తిట్లు పడతాయి, అంతే. ఉలవలు అలా కాదు. తీగతో సహా పీకి రోడ్డు మీద మందంగా పరుస్తారు, బండ్లు తొక్కితే కాయలు పగిలి గింజ రాలుతుందని. ఒక పుష్యమాసం పొద్దున మంచులో అది నాకు గడ్డి పరుపులా కనిపించింది. దిగకుండా తొక్కాను. పది గజాలు వెళ్లేసరికి వెనక చక్రం బిగుసుకుపోయింది. చూస్తే ఉలవ తీగలు గేరు పళ్ల చుట్టూ, గొలుసు చుట్టూ జడ అల్లినట్టు చుట్టుకున్నాయి. గేరు మార్చే డెరైలరు లోపలికి వంగి చువ్వలకి తగులుతోంది. వేళ్లతో లాగితే తెగవు, పచ్చి నార. పక్కనే చలి కాచుకుంటున్న ముసలావిడ లేచి వచ్చింది. "ఏటి బాబూ, దిగి నడిపించుకుంటే అరిగిపోతావేటి?" అంటూనే కొడవలి మొనతో ఒక్కొక్క తీగా కోసి తీసింది. తీసిన తీగల్ని పారెయ్యలేదు, కాయలు దులిపి మళ్లీ రోడ్డు మీదే వేసింది. నేను ఒకే గేరు మీద ఇంటికి వచ్చాను, కొట్టు పదకొండింటికి తెరిచాను. కాబట్టి ఉలవ కనిపిస్తే దిగండి. పక్కనుంచి ఎత్తి దాటించండి.

గేర్లు కావాలా అని అడిగారు. ఈ దారికి అక్కర్లేదు, మామూలు సైకిలు మీద పాలవాళ్లు రోజూ తిరుగుతున్నారు. టైరు మాత్రం సన్నది వద్దు, 32 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూసుకోండి. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఉంటాయి. మీ ట్యూబుకి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో వేసుకోండి. దారిలో పంచరు షాపులు ఉన్నాయి గానీ వాళ్ల పంపు దానికి ఎక్కదు. ఒకతను నా వాల్వు చూసి అటూ ఇటూ తిప్పి, "ఇది ఇరిగిపోనాది" అని తీర్పు ఇచ్చాడు.

ఏనుగుల సంగతి భయపెట్టడానికి కాదు, చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మా గజపతి జిల్లాలో లఖారి లోయ ఏనుగుల అభయారణ్యం ఉంది. ఒడిశా కొండల నుంచి దిగిన ఏనుగులు కొన్నేళ్లుగా భామిని, కొత్తూరు, సీతంపేట వైపు పొలాల్లో తిరుగుతున్నాయి. నాకు ఎప్పుడూ ఎదురుపడలేదు. అయినా ముందు రోజు సాయంత్రం టీ బడ్డీలో అడగకుండా చీకట్లో బయల్దేరను. గుంపు ఎక్కడుందో పోలీసులకన్నా ముందు టీ బడ్డీకి తెలుస్తుంది. దగ్గర్లో ఉందంటే వెలుతురు బాగా వచ్చేదాకా ఆగండి. కుక్కలకైతే ఒకటే మందు: దిగి, సైకిలు మధ్యలో పెట్టుకుని మెల్లగా నడవండి. తొక్కితే వెంటపడతాయి.

ఎప్పుడు రావాలంటే దసరా వెళ్లాక, మాఘం లోపల. వేసవిలో ఈ లోయ బాణలిలా కాగుతుంది. నీడ కూడా మునుపటంత లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీద పడ్డప్పుడు జీడితోటలతో పాటు రోడ్డు పక్క పెద్ద చెట్లు చాలా పోయాయి. పుష్యమాసంలో ఏటి దగ్గర మంచు దట్టంగా ఉంటుంది, వెనక ఎర్రలైటు వేసుకోండి.

గుణుపురం నుంచి పుట్టాసింగి వైపు సవర గిరిజనుల ఊళ్లు చూడాలని కూడా రాశారు. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నది మా పర్లాకిమిడిలో మేష్టారుగా ఉన్న రోజుల్లోనే, కాబట్టి మీ ఆసక్తి నాకు అర్థమైంది. కానీ అది ఎక్కుడు దారి, రెండు రోజుల్లో ఇరికించకండి. ఎప్పుడైనా వెళితే ఇంటి గోడల మీద తెల్లని బొమ్మలు కనిపిస్తాయి. అవి దేవతల కోసం, చనిపోయిన పెద్దల కోసం వేసుకున్నవి, అలంకారం కాదు. అడక్కుండా ఫోను ఎత్తకండి. మా వైపు నుంచి వెళ్లే కుర్రాళ్లే ఈ పని ఎక్కువ చేస్తున్నారు, చూసి సిగ్గేస్తుంది.

సైకిళ్లు తేవడానికి విశాఖ–గుణుపురం పాసింజరు ఉంది. విశాఖ పార్సిలు ఆఫీసులో లగేజీగా బుక్ చేసి బ్రేకు వ్యానులో వేయించండి, గంట ముందు వెళ్లండి. పెడళ్లు తీసేసి హ్యాండిలు పక్కకి తిప్పి కట్టండి, లేకపోతే పక్కన వేసిన మూటలతో చువ్వలు వంగుతాయి. పర్లాకిమిడిలో దిగాక గార్డుతో మాట్లాడి మీరే దింపుకోవడం మంచిది, ఎక్కువసేపు ఆగదు.

వచ్చే తేదీ ఇక్కడే రాయండి. కాశీనగరం దాకా నేనూ వస్తాను, ఉప్మా నాది. ఐదింటికి బయల్దేరాలి సుమా, తొమ్మిదిన్నరకి నేను కొట్టు తెరవాలి.