దత్తత పత్రం రిజిస్టర్ చేయిస్తే మనవరాలు అమెరికా వెళ్లగలదా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు డల్లాస్‌లో ఉంటారు. పెళ్లయి 13 ఏళ్లయినా పిల్లలు లేరు. అల్లుడికి అమెరికా పౌరసత్వం వచ్చింది, అమ్మాయికి గ్రీన్‌కార్డు ఉంది. ఇండియా నుంచి బిడ్డను దత్తత తీసుకోవాలని పేరు నమోదు చేయించుకుని నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నారు. పిలుపు రాలేదు. రెండేళ్ల క్రితం మా అబ్బాయి బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. వాడి కూతురికి ఇప్పుడు ఆరేళ్లు. పాపను మా అమ్మాయికే దత్తత ఇద్దామని ఇంట్లో అనుకున్నాం. కోడలు సరే అంది. ఆమెకు పుట్టింటివాళ్లు మళ్లీ సంబంధాలు చూస్తున్నారు. దత్తత పత్రం రిజిస్టర్ చేయిస్తే వీసా దానంతటదే వస్తుందని డాక్యుమెంట్ రైటర్ అంటున్నాడు. ముందు విజిటింగ్ వీసా మీద తీసుకెళ్లిపోతే మిగతాది అక్కడ చూసుకోవచ్చని తెలిసినాయన ఒకరు అంటున్నారు. ఏది సరైన దారి? రాయించిన పత్రం నకలు జత చేశాను.

జవాబు: మాస్టారూ, ఆ పత్రం ఇప్పుడు రిజిస్టర్ చేయించకండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్లాట్ తీసుకుని ఉంటే రద్దు చేసుకోండి. విజిటింగ్ వీసా ఆలోచన అయితే పూర్తిగా మానుకోండి. పాప తన మేనత్త ఇంటికి చేరడానికి చట్టంలో దారి ఉంది. కానీ అందులో ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది తారుమారైతే మళ్లీ సరిచేసుకోవడం చాలా కష్టం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మీరు పంపిన నకలు సంగతి. రెండో పేజీలో మనవరాలిని దత్తత ఇస్తున్నది మీరే అన్నట్టు మీ పేరుతో రాశారు. తాతకు ఆ హక్కు లేదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 9వ సెక్షన్ ప్రకారం బిడ్డను ఇచ్చే హక్కు తండ్రికి, తల్లికి ఉంటుంది. వాళ్లు లేకపోతే, లేదా ఇవ్వగల స్థితిలో లేకపోతే కోర్టు అనుమతితో గార్డియన్‌కు ఉంటుంది. మీ అబ్బాయి లేడు గనుక పాపను ఇవ్వగలిగేది ఆమె తల్లి ఒక్కరే. మరి ఆ పత్రంలో తల్లి ఎక్కడుంది? చివరి పేజీలో, ఇద్దరు సాక్షుల్లో రెండో సాక్షిగా ఉంది. తొమ్మిది నెలలు మోసి కన్న మనిషిని సాక్షిగా రాసిన ఆ కాగితం, రిజిస్టర్ అయినా నిలబడదు.

సరే, పత్రం సరిగ్గా రాయించి కోడలి చేతే ఇప్పిస్తే సరిపోతుందా అని మీరు అడగవచ్చు. మన దేశంలో, మన ఇంటి వరకు అయితే సరిపోతుంది. రిజిస్టరైన పత్రంలో ఇచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు సంతకాలు చేసి ఉంటే, ఆ దత్తత చట్టప్రకారం జరిగినట్టే కోర్టు భావించాలని 16వ సెక్షన్ చెబుతోంది. ఆస్తికి, వారసత్వానికి అది పనికొస్తుంది. బిడ్డను దేశం దాటించడానికి మాత్రం అదొక్కటే చాలదు.

ఎందుకు చాలదంటే, ఒక దేశంలో పుట్టిన బిడ్డను మరో దేశంలో ఉండేవాళ్లు దత్తత తీసుకోవడం మీద 1993లో హేగ్‌లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. మనకు అది 2003 నుంచి, అమెరికాకు 2008 నుంచి అమల్లో ఉంది. రెండు దేశాల అధికార సంస్థలూ ముందే ఒకరికొకరు ఒప్పుకున్నాకే దత్తత పూర్తి కావాలన్నది దాని సారం. మన వైపు ఆ సంస్థ దిల్లీలోని కేంద్ర దత్తత వనరుల సంస్థ. అందరూ 'కారా' అంటారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 56వ సెక్షన్ దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది. సరైన ఉత్తర్వు లేకుండా బిడ్డను విదేశానికి తీసుకెళ్లినా, పంపినా, అందుకు ఏర్పాట్లు చేసినా నేరమే. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ ఏర్పాట్లు చేసినవాళ్లలో మీరూ ఉంటారు మాస్టారూ, విజిటింగ్ వీసా సలహా ఇచ్చినాయన ఉండరు.

సొంత మేనత్తకు ఇవ్వడానికి కూడా ఇన్ని ఆంక్షలా అని మీకు అనిపించడం సహజం. ఒకప్పుడు దత్తత పేరుతో మన పిల్లల్ని విదేశాలకు తరలిస్తున్నారని లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు ఉత్తరం రాస్తే, 1984లో జస్టిస్ భగవతి ఇచ్చిన తీర్పుతో ఈ కట్టుబాట్లన్నీ మొదలయ్యాయి. ఆ ఆంక్షలు పుట్టింది మీ మీద అనుమానంతో కాదు. అయినా అవి మీకూ వర్తిస్తాయి.

ఇక అమెరికా వైపు చూద్దాం. మీ కుటుంబానికి అసలు చిక్కు అక్కడే ఉంది. అక్కడ దత్తత కోరేవాళ్లు మొదట ఐ-800ఏ అనే దరఖాస్తు పెట్టాలి. బిడ్డను పెంచడానికి వీళ్లు తగినవాళ్లేనా అన్నది అందులో తేలుతుంది. దాని తర్వాత ఫలానా బిడ్డ కోసం అంటూ ఐ-800 పెట్టాలి. దానికి తాత్కాలిక ఆమోదం రాకముందే ఇక్కడ దత్తత పూర్తి చేసేసుకుంటే ఆ దరఖాస్తును తిరస్కరించాలని వాళ్ల నిబంధన. జరిగిన దత్తత రద్దయితే తప్ప మళ్లీ మొదలుపెట్టే వీల్లేదు. మన హిందూ దత్తత చట్టం 15వ సెక్షనేమో చెల్లుబాటయ్యే దత్తతను ఎవరూ రద్దు చేసుకోలేరంటుంది. అంటే పత్రాన్ని ఎంత పకడ్బందీగా రాయించి రిజిస్టర్ చేయిస్తే, అది మీ మనవరాలి వీసాకు అంత గట్టిగా అడ్డుపడుతుంది. అందుకే మొదటి మాటే ఆపమని రాశాను.

విజిటింగ్ వీసా మీద తీసుకెళితే ఏమవుతుంది? అక్కడ ఉంచేయాలనే ఉద్దేశంతో సందర్శన వీసా అడగడమంటే అధికారికి అబద్ధం చెప్పడమే. అదొక్కటే ఆ తర్వాత ప్రతి దరఖాస్తుకూ వెంటపడుతుంది. ఒకవేళ వెళ్లినా, గడువు తీరాక పాప అక్కడ హోదా లేని మనిషిగా మిగులుతుంది. తండ్రిని పోగొట్టుకున్న బిడ్డను ఆ పరిస్థితిలోకి మనమే తోసినట్టవుతుంది.

మీకు కలిసొచ్చే విషయాలూ ఉన్నాయి. అల్లుడు అమెరికా పౌరుడు కావడం పెద్ద మేలు. దంపతుల్లో కనీసం ఒకరు అమెరికా పౌరులై ఉండాలి, లేకపోతే ఐ-800 పెట్టే వీలే లేదు. హెచ్1బీ మీద ఉన్న ఎన్నో జంటలు ఈ సంగతి తెలియక ఇక్కడ బిడ్డను దత్తత తీసుకుని, ఆ బిడ్డను వెంట తీసుకెళ్లలేక విలవిల్లాడుతున్నాయి. రెండోది, మీ అమ్మాయి పాపకు మేనత్త. బాలల న్యాయ చట్టంలో 'బంధువు' అంటే బాబాయి, పెదనాన్న, మేనమామ, మేనత్త, పిన్ని, పెద్దమ్మ, ఇరువైపుల తాత, అవ్వలు. ఆ వరుసలో ఉన్నవాళ్లకు 60వ సెక్షన్ వేరే దారి పెట్టింది. మీ అమ్మాయి, అల్లుడు నాలుగేళ్లుగా నిలబడ్డ క్యూతో దీనికి సంబంధం లేదు.

ఆ దారి ఇలా సాగుతుంది. మీ అమ్మాయి, అల్లుడు అక్కడ గుర్తింపు ఉన్న దత్తత ఏజెన్సీ దగ్గరకు వెళ్లి ఇంటి పరిశీలన చేయించుకుని, ఆ ఏజెన్సీ ద్వారానే కారా పోర్టల్లో బంధువుల దత్తతగా నమోదు కావాలి. అదే సమయంలో ఐ-800ఏ నడుస్తుంది. ఇక్కడ శ్రీకాకుళంలోని జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లు మీ ఇంటికి వచ్చి కుటుంబ నేపథ్య నివేదిక తయారుచేస్తారు. ఆ కాగితాలు రెండు దేశాల మధ్య నడిచి, ఆమోదాలు వచ్చాక దరఖాస్తు కలెక్టర్ ముందుకు వెళుతుంది. ఇంతకుముందు ఇది కోర్టు పని. 2022 సెప్టెంబరు 1 నుంచి జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టరే దత్తత ఉత్తర్వు ఇస్తున్నారు. దరఖాస్తు పెట్టిన రెండు నెలల్లో ఇవ్వాలని చట్టం. ఆ ఉత్తర్వు మీద కారా నిరభ్యంతర పత్రం, తర్వాత పాస్‌పోర్టు, దిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయంలో వీసా. ఇక్కడే దత్తత పూర్తయి ఆ వీసా మీద తల్లిదండ్రుల దగ్గరకు చేరిన బిడ్డకు, అమెరికాలో అడుగుపెట్టగానే పౌరసత్వం వస్తుంది. ఇదంతా నెలల లెక్కలో చూసుకోవాలి, వారాల్లో కాదు.

కాగితాల్లో ఆలస్యమయ్యేది ఎక్కువగా పేర్ల దగ్గరే. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, తండ్రి మరణ ధ్రువపత్రంలో ఇంకో స్పెల్లింగ్‌తో ఉంటే ముందు అవి సరిచేయించండి. అయితే సరిచేయడం వేరు, మార్చడం వేరు. తల్లిదండ్రుల పేర్ల దగ్గర అమ్మాయి, అల్లుడి పేర్లు వేయించి కొత్త జనన ధ్రువపత్రం పుట్టిస్తామని ఎవరైనా అంటే వాళ్లను గుమ్మం ఎక్కనివ్వకండి.

మీరు అడగని విషయం ఒకటుంది. మీ ఉత్తరం రెండు పేజీలు. అందులో కోడలు ఏమన్నదో ఒకే మాట ఉంది, 'సరే అంది' అని. ఆమె రాసే సమ్మతి మీదే ఈ వ్యవహారమంతా నిలబడుతుంది. తండ్రి లేని బిడ్డ గనుక అమెరికా నిబంధనల్లో తల్లి స్వేచ్ఛగా, తిరిగి వెనక్కి తీసుకోలేని విధంగా రాసి ఇవ్వాలి. అమ్మానాన్నలిద్దరూ ఉన్న బిడ్డ అయితే వాళ్లు పెంచలేని స్థితిలో ఉన్నారని కూడా చూపించాలి. మీ కోడలు ఈలోగా మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ లెక్క మారవచ్చు, సవతి తండ్రిని కూడా వాళ్ల చట్టం తండ్రిగా చూస్తుంది. దీనికోసం ఆమె పెళ్లి ఆపమని నేను అనడం లేదు. పెళ్లి ఆలోచన ఉందని అక్కడి లాయరుకు మొదటిరోజే చెప్పమంటున్నాను. ఇందుకు ప్రతిఫలంగా ఆమెకు గానీ, పుట్టింటివాళ్లకు గానీ ఒక్క రూపాయి ఇచ్చినా నేరం. పాపకు తండ్రి ఆస్తిలో వచ్చిన వాటా, యాక్సిడెంట్ క్లెయిమ్‌లో పాప పేరున వచ్చిన సొమ్ము దత్తత తర్వాత కూడా పాపవే. తల్లి వాటా తల్లిదే. దత్తత ఇచ్చినంత మాత్రాన కోడలికి ఆ ఇంట్లో హక్కు పోదు. ఆమెకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

తల్లీబిడ్డలు పూర్తిగా దూరమైపోవాలని కూడా చట్టం కోరడం లేదు. కన్న తల్లిదండ్రులతో, తోబుట్టువులతో బిడ్డ అప్పుడప్పుడూ కలిసేలా చూడాలని 60వ సెక్షనే దత్తత తీసుకున్నవాళ్లకు బాధ్యత పెట్టింది. మీ అమ్మాయి ఈ మాట తన వదినకు స్వయంగా ఫోన్ చేసి చెబితే, మీరు నాలుగుసార్లు చెప్పినదానికన్నా ఎక్కువ ధైర్యం కలుగుతుంది.

ఇంకొకరి సమ్మతి కూడా కావాలి. బిడ్డకు ఐదేళ్లు దాటితే ఆ బిడ్డను కూడా అడగాలని దత్తత నిబంధనలు చెబుతున్నాయి. కొన్నేళ్ల కిందట ఇలాంటి పని మీదే ఒక అవ్వ తన మనవరాలిని వెంటబెట్టుకుని నా ఆఫీసుకు వచ్చింది. పిల్ల కుర్చీ అంచున కూర్చుని, ఒళ్లో ఉన్న స్కూలు బ్యాగును రెండు చేతులతో పట్టుకుని ఉంది. అందులో పుస్తకాలు లేవు. రెండు గౌన్లు, దువ్వెన, ఒక చెప్పుల జత ఉన్నాయి. ఆ సాయంత్రమే విమానం ఎక్కుతాననుకుని వచ్చింది. ఎలాగూ వెళ్లిపోతుంది కదా అని ఎనిమిది నెలల ముందే బడి మాన్పించేశారట. ఆ తర్వాత కాగితాలు పూర్తి కావడానికి ఇంకో ఏడాది పైనే పట్టింది. అప్పటిదాకా వీధిలో పిల్లలు 'అమెరికా ఎప్పుడు?' అని ఆటపట్టిస్తుంటే ఆ పిల్ల గడప దాటేది కాదు.

మీ మనవరాలిని బడి మాన్పించకండి. ఉత్తర్వు చేతికి వచ్చేదాకా తేదీల గురించి ఆమె ముందు మాట్లాడకండి. అత్త ఎవరో, అక్కడ ఇల్లు ఎలా ఉంటుందో వీడియో కాల్‌లో చూస్తూ తెలుసుకోనివ్వండి. 'అమ్మ కూడా వస్తుంది' అని మాత్రం ఎవరూ చెప్పకూడదు.

ఈ వారంలోనే మీ అమ్మాయిని అక్కడి ఏజెన్సీతో, ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడమనండి. ఇక్కడ మీరు చేయాల్సింది పాప జనన ధ్రువపత్రం, అబ్బాయి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అందరి ఆధార్లు ఒకచోట పెట్టుకోవడం. అవి పట్టుకుని ఒకసారి శ్రీకాకుళం రండి, కలెక్టరేట్‌లో ఎవరిని కలవాలో దగ్గరుండి చెబుతాను. వచ్చేటప్పుడు మీ కోడల్ని కూడా తీసుకురండి. మీరు బయట కూర్చుంటే, నేను ఆమెతో విడిగా ఒక అరగంట మాట్లాడతాను.