ఆముదంలో మోలిబ్డినం డైసల్ఫైడ్ నానో పొడి కలిపితే అరుగుదల ఒకసారి తగ్గుతోంది, ఒకసారి పెరుగుతోంది. ఎంత శాతం కలపాలి?

అర శాతం పొడి, ఫోర్ బాల్ టెస్టులో (పాట్ అనే గిన్నెలో బిగించిన మూడు ఉక్కు బంతుల మీద నాలుగోదాన్ని నొక్కి తిప్పే పరీక్ష) అరిగిన మచ్చ ఒకసారి 0.52 మి.మీ., ఇంకోసారి 0.61, రెండు రోజులకే సీసా అడుగున నల్లటి మడ్డి. మీరు రాసిన ఈ వివరాలు చూస్తే, శాతం మార్చుకుంటూ పోయినా దారి దొరకదు. పొడి నూనెలో విడివిడిగా ఉందా, మీరు చూస్తున్న తేడా అసలు తేడాయేనా అన్నవి ముందు తేల్చుకోండి.

రెండోదే ముందు చూద్దాం. ఏఎస్‌టీఎం (పరీక్షా ప్రమాణాలు రూపొందించే సంస్థ) డీ 4172 పద్ధతిలో 392 న్యూటన్ల లోడు, 1200 ఆర్‌పీఎం, 75 డిగ్రీలు, గంటసేపు. ఒకే మనిషి అదే మెషీన్ మీద అదే నూనెతో చేసినా రెండు రన్నుల మధ్య 0.12 మి.మీ. దాకా తేడా రావచ్చని ఆ ప్రమాణమే చెబుతోంది. అంటే మీ 0.52, 0.61 రెండూ ఒకటే కింద లెక్క. ఇంకో హద్దు కూడా గుర్తుంచుకోండి. ఆ లోడుకు 12.7 మి.మీ. ఉక్కు బంతులు ఏమాత్రం అరగకపోయినా, నొక్కుడుకే సుమారు 0.30 మి.మీ. వెడల్పున ఒకదానికొకటి తగులుతాయి. అంతకన్నా చిన్న మచ్చ వచ్చిందంటే కొలతనే అనుమానించాలి.

ప్రతి రన్నుకూ కొత్త బంతులు వాడండి. హెప్టేన్‌తో, ఆ తర్వాత అసిటోన్‌తో కడిగాక చేత్తో ముట్టుకోవద్దు. పాట్ నట్టును టార్క్ రెంచితో ప్రతిసారీ ఒకే బిగుతుకు బిగించండి. చాలామంది వదిలేసేది పాట్ మరల సందులు. ఈ పొడి అక్కడ ఇరుక్కుని, తర్వాత వేసిన ఉత్తి నూనెలోకి దిగుతుంది. మైక్రోస్కోపు కింద మూడు బంతుల మచ్చలనూ పక్కపక్కన చూడండి. గుండ్రంగా, సన్నని సమాంతర గీతలతో ఉంటే రన్ను సవ్యంగా సాగినట్టే. మూడింట్లో ఒకటి మాత్రం కోలగా, పెద్దదిగా ఉంటే బంతులు సరిగ్గా కూర్చోలేదు, ఆ రన్ను పక్కన పెట్టేయండి. అంచు చిరిగినట్టుండి మధ్యలో ఒకటో రెండో లోతైన గాడులు కనబడితే అది పొడి ఉండల పనే.

ఇక మడ్డి సంగతి. ఈ పొడి సాంద్రత 5 దాటుతుంది, ఆముదానిది 0.96. ద్రవంలో రేణువు దిగే వేగాన్ని చెప్పే స్టోక్స్ సూత్రంతో లెక్క కడితే 40 డిగ్రీల ఆముదంలో 100 నానోమీటర్ల రేణువు రోజుకు మిల్లీమీటరులో నూరో వంతు కూడా కిందికి దిగదు. 5 మైక్రాన్ల ఉండ మాత్రం రెండు సెంటీమీటర్లు దిగుతుంది. రెండు రోజుల్లో మడ్డి కట్టిందంటే, డబ్బా మీద నానో అని రాసి ఉన్నా మీ సీసాలో ఉన్నవి ఉండలే. 75 డిగ్రీలకు ఆముదం బాగా పలచబడుతుంది కాబట్టి పాట్‌లో అవి ఇంకా త్వరగా దిగుతాయి. పొడిని నేరుగా అర శాతానికి కలపకండి. డిస్పర్సెంట్ (రేణువులు ఉండ కట్టకుండా విడివిడిగా ఉంచే పదార్థం) వేసిన కొద్దిపాటి నూనెలో 5 శాతం చిక్కదనానికి ముందు బాగా నలిపి, తర్వాత పలచన చేయండి. అల్ట్రాసౌండ్‌తో ఉండలను విడగొట్టే ప్రోబ్ సోనికేటర్‌ను 5 సెకన్లు నడిపి 5 సెకన్లు ఆపుతూ, బీకరును చల్లటి నీళ్లలో పెట్టి నూనె 60 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. కలిపిన రోజే పరీక్షించండి. వారం తర్వాత అదే సీసాలోంచి మళ్లీ చేయండి.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోపం పోలికలో జరుగుతుంది. డిస్పర్సెంట్‌గా ఒలీయిక్ ఆమ్లం వాడితే అది తానే ఉక్కుకు అంటుకుని ఘర్షణ తగ్గిస్తుంది. ఆముదంలోని హైడ్రాక్సిల్ గుంపులూ లోహాన్ని పట్టుకుంటాయి. అందుకే ఉత్తి ఆముదం, ఆముదం ప్లస్ డిస్పర్సెంట్, ఆ రెండిటితో పొడి, ఈ మూడింటినీ వరస కలగలిపి తలా మూడేసి సార్లు నడపండి. పొడి గొప్పతనమేదో రెండోదానికీ మూడోదానికీ మధ్య తేడాలోనే తెలుస్తుంది. మినరల్ నూనెతో పోల్చి చూపిస్తే ఆముదం చేసిన మేలు కూడా పొడి ఖాతాలో పడుతుంది.

ఇవన్నీ కుదిరాక 0.1, 0.25, 0.5, 1 శాతాలు ప్రయత్నించండి. ఒక స్థాయి దాటాక ఉండలు పెరిగి అరుగుదల మళ్లీ ఎక్కువవుతుంది. 392 న్యూటన్ల దగ్గర ఏమీ తేలకపోతే డీ 2783 ప్రకారం వెల్డ్ లోడ్ (బంతులు ఒకదానికొకటి అతుక్కుపోయే లోడు) చూడండి. 10 సెకన్ల రన్నులు, లోడు 126, 160, 200, 250 కిలోలుగా పెంచుకుంటూ వెళ్లాలి. నూనె పొర తెగిపోయి లోహానికి లోహం తగిలే ఆ దశలోనే ఈ పొడి అసలు సత్తా చూపిస్తుంది.

అప్పటికీ మడ్డి ఆగకపోతే గ్రీజు వైపు వెళ్లండి. లిథియం గ్రీజుకు ఆధారమైన 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం వచ్చేది ఆముదాన్ని హైడ్రోజనేట్ చేస్తేనే. ఆ ఆమ్లంతో తయారయ్యే లిథియం సబ్బు పోగుల వల పొడిని దిగనివ్వదు కాబట్టి 3 శాతం దాకా హాయిగా కలపొచ్చు. గ్రీజుకు వెల్డ్ లోడ్ చూసేది డీ 2596 పద్ధతిలో.