ముందు స్కోరు చెప్పు

వాల్తేరు,
విశాఖపట్నం

అమ్మా,

టెన్నిస్ ఆటగాళ్ళ మంచీ చెడూ మీద నువ్వు రాసి పంపిన వ్యాసంలో మొదటి ఐదు పేజీలు దాటేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది. మెకన్రో పొగరుబోతు, సెరీనాకి నోటి దురుసు, జకోవిచ్‌కి తలకెక్కింది, ఫెదరర్ అపర శ్రీరామచంద్రుడు. ఇంతమంది గుణగణాలు తేల్చి పారేశావు గానీ, ఒక్క చోటైనా ఆ క్షణానికి స్కోరెంతో రాయలేదు. స్కోరు లేకుండా టెన్నిస్ గురించి పన్నెండు పేజీలు రాయడం పెళ్ళికూతురి పేరు వెయ్యకుండా శుభలేఖ అచ్చేయించినట్టు ఉంది.

2009 యూఎస్ ఓపెన్ సెమీఫైనల్ తీసుకో. సెరీనా లైన్ జడ్జిని బెదిరించింది, మ్యాచ్ పోయింది అని రెండు ముక్కల్లో తేల్చేసి, మిగతా పేజీ అంతా ఆమెని మందలించడానికి వాడుకున్నావు. అదే నేను రాస్తే ఎలా ఉంటుందో చూడు. మొదటి సెట్టు 6-4తో కిమ్ క్లైస్టర్స్‌ది. ఆ కోపంలో సెరీనా రాకెట్ నేలకేసి కొట్టింది, హెచ్చరిక పడింది. రెండో సెట్టులో 5-6తో వెనకబడి సర్వ్ చేస్తోంది. 15-30. మొదటి సర్వ్ పోయింది. రెండోదానికి కాలు గీత మీద పడిందని లైన్ జడ్జి ఫుట్‌ఫాల్ట్ పిలిచింది. 15-40, మ్యాచ్ పాయింటు: క్లైస్టర్స్‌కి ఇంకొక్క పాయింటు వస్తే మ్యాచ్ అయిపోతుంది. అప్పుడు రేగింది సెరీనా. హెచ్చరిక ముందే ఖాతాలో ఉంది కాబట్టి రెండో తప్పుకి శిక్ష ఒక పాయింటు. ఆ ఒక్క పాయింటుతోనే మ్యాచ్ అయిపోయింది. చివరి పాయింటుకి క్లైస్టర్స్ బంతి కొట్టే అవసరం కూడా రాలేదు. నేను సెరీనాని వెనకేసుకు రావడం లేదు, తిట్టడమూ లేదు. మొదటి సెట్టులో నేలకేసి కొట్టిన రాకెట్ చివర్లో వచ్చి ఎలా మెడకి చుట్టుకుందో పాఠకుడు తనే చూశాడు. ఇంక నువ్వూ నేనూ మందలించేదేముంది?

మెకన్రో గురించి అందరూ రాసేదే నువ్వూ రాశావు. 1981 వింబుల్డన్‌లో అంపైర్ మీద అరిచాడు. అరిచింది మొదటి రౌండులో. ఆ ఏడాది బోర్గ్‌ని ఓడించి కప్పు కూడా ఎత్తాడు. ఛాంపియన్‌కి ఆనవాయితీగా ఇచ్చే వింబుల్డన్ క్లబ్బు సభ్యత్వం మాత్రం ఆ ఏడాది ఆయనకి ఇవ్వలేదు. నువ్వు చూడాల్సింది 1990 ఆస్ట్రేలియన్ ఓపెన్. మికాయెల్ పెర్న్‌ఫోర్స్ మీద 6-1, 4-6, 7-5తో ముందున్నాడు, నాలుగో సెట్టులో 2-4. అప్పటికి శిక్షల నిబంధన మారింది. పాత నాలుగు మెట్లు మూడయ్యాయి: హెచ్చరిక, పాయింటు కోత, ఆ పైన ఇంటికే. ఆ సంగతి ఆయనకి తెలీదు. ఇంకో మెట్టు ఉందనుకుని నోరు జారాడు, ఇంటికి పంపేశారు. లెక్కపెట్టుకుని తిట్టే మనిషి లెక్క తప్పాడు! ఇందులో ఎంత కథ ఉందో చూశావా? 'పొగరుబోతు' అని ఒక్క ముక్క రాసి దాన్ని చేజార్చుకున్నావు.

మంచితనానికైనా ఇదే చెప్తాను. ఫెదరర్‌కి క్రీడాస్ఫూర్తికని ఎడ్‌బర్గ్ పేరిట ఇచ్చే అవార్డు 13 సార్లు వచ్చిందని రాశావు. నిజమే, తోటి ఆటగాళ్ళే ఓట్లేసి ఇస్తారు. ఆయన కూడా కుర్రతనంలో రాకెట్లు విసిరినవాడేలే. కానీ అవార్డులు నన్ను కదిలించవు. 2005లో రోమ్‌లో ఆండీ రాడిక్ చేసింది కదిలిస్తుంది. వెర్డాస్కో మీద మొదటి సెట్టు రాడిక్‌ది. రెండో సెట్టులో రాడిక్ 5-3తో ముందున్నాడు, వెర్డాస్కో సర్వీసు, 0-40. మూడు మ్యాచ్ పాయింట్లు. వెర్డాస్కో రెండో సర్వ్ అవుటని పిలిచారు. రెండు సర్వులూ పోయాయి కాబట్టి డబుల్ ఫాల్టు, పాయింటు రాడిక్‌ది, ఆట అయిపోయినట్టే. రాడిక్ మట్టి మీద బంతి పడ్డ గుర్తు చూసి, లోపలే పడిందని చెప్పి ఆ పాయింటు వదులుకున్నాడు. తర్వాత మ్యాచ్ ఓడిపోయాడు, 6-7, 7-6, 6-4. ఈ అంకెలు తీసేసి 'రాడిక్ నిజాయితీపరుడు' అని రాసి చూడు, ఎవరికైనా చీమ కుట్టినట్టైనా ఉంటుందేమో.

1982 ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్లో పదిహేడేళ్ళ విలాండర్ కూడా మ్యాచ్ పాయింటు దగ్గర అదే పని చేశాడు. క్లెర్క్ కొట్టిన బంతి అవుటని అంపైర్ మ్యాచ్ ప్రకటించేస్తే, కాదు, ఆ పాయింటు మళ్ళీ ఆడదాం అన్నాడు. మళ్ళీ ఆడి గెలిచాడు, ఫైనల్ కూడా గెలిచాడు. ఇద్దరిలో నాకు రాడిక్ మీదే ప్రేమ ఎక్కువ, ఓడిపోయాడు కాబట్టి. ఇది నా పక్షపాతం, నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. మనవాళ్ళ ఉదాహరణ ఒక్కటీ దొరకలేదన్నావు. 1974 డేవిస్ కప్ ఎలా మర్చిపోయావు? ఫైనల్ దాకా వెళ్ళిన ఇండియా, వర్ణవివక్ష పాటించే దక్షిణాఫ్రికాతో ఆడనని కప్పే వదిలేసుకుంది. కప్పు వాళ్ళకి పోయింది. దాని ఖరీదు అది.

స్కోరు మీద నాకింత పట్టుదల ఎందుకో చెప్తాను. రాత్రి డ్యూటీలో స్పోర్ట్స్ పేజీ చూసే రోజుల్లో మా డెస్కు పెద్దాయన ఒకాయన ఉండేవారు. చోటు చాలకపోతే ఆయన కత్తెర ముందుగా వెళ్ళేది స్కోర్ల మీదకే. 'క్రీడాస్ఫూర్తికి మచ్చ' అన్న హెడ్డింగు మాత్రం నాలుగు కాలమ్‌లు. మచ్చ ఎక్కడ పడిందో ఎప్పుడు పడిందో పాఠకుడికి అక్కర్లేదట. ఇప్పుడు ఫోన్లలో పదిహేను సెకన్ల వీడియోలొచ్చాక ఆయన శిష్యులు ఇంటింటా పుట్టారు. రాకెట్ విరిగే ముక్క చూపిస్తారు, అంతకు ముందు గంటన్నర ఏం జరిగిందో చూపించరు.

అంతకన్నా పెద్ద దెబ్బ కథ విషయంలో తగిలింది. మా ఊళ్ళో ఒక క్లబ్బులో మార్కర్ ఉండేవాడు. మార్కరంటే జీతం తీసుకుని మెంబర్లతో ఆడేవాడు. తెల్లారకుండానే వచ్చి కోర్టుకి నీళ్ళు కొట్టి, రోలరు లాగి, సున్నంతో గీతలు వేసేది కూడా వాడే. సముద్రపు గాలి ఎటు తిరిగితే బంతి ఎటు పోతుందో వాడికి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. ఒక సాయంత్రం ఒక పెద్ద ఆఫీసరు గారితో ఆడుతున్నాడు. ఆఫీసరు గారి సర్వీసు, 4-5, 30-40. మార్కర్‌కి సెట్ పాయింటు. వాడు కొట్టిన బంతి గీత మీద పడింది, సున్నం పొడి లేచింది. నేను చూశాను, వాడు చూశాడు, ఆఫీసరు గారూ చూశారు. "అవుట్" అన్నారాయన. "అవుటే సార్" అన్నాడు మార్కర్, ఆ గీత పొద్దున్న తను వేసిందే. సెట్టు 7-5తో ఆఫీసరు గారిదయింది.

అది కథగా రాసి ఒక వారపత్రికకి పంపాను. ఎడిటర్ గారు రెండు సవరణలు అడిగారు. ఒకటి, అంకెలు తీసెయ్యాలి, ఇంట్లో ఆడవాళ్ళకి అర్థం కావు. రెండు, చివర్లో ఆఫీసరు పశ్చాత్తాపపడి మార్కర్‌కి కొత్త బూట్లు కొనివ్వాలి. నేను రెండూ చెయ్యలేదు, కథ తిరిగొచ్చింది. ఆ ఇంట్లో ఆడవాళ్ళే క్రికెట్ వచ్చిందంటే ఓవరుకెన్ని పరుగులు కావాలో నోటి లెక్క వేస్తారని ఆ మహానుభావుడికి ఎవరు చెప్పాలి! చాలా కాలానికి ఒక చిన్న పత్రిక ఆ కథని ఉన్నదున్నట్టు వేసింది, పైసా ఇవ్వలేదు. టెన్నిస్ ఎప్పుడూ చూడని ఒకావిడ గాజువాక నుంచి ఉత్తరం రాసింది: "లోపలే పడిందని అని ఉంటే ఉద్యోగం పోయేదాండీ?" నేను కోరుకున్న ప్రశ్న సరిగ్గా అదే.

ఇంక నీ తొమ్మిదో పేజీ. నిజానికి ఈ ఉత్తరం రాయించింది అదే. పేజీ మధ్యలో ఎవరికీ కనబడకుండా నాలుగు లైన్లు దాచావు. హైదరాబాద్‌లో జూనియర్ టోర్నీ, బంతి అమ్మాయి వైపు గీతకి తగిలింది, అమ్మాయి కంచె బయట ఉన్న నాన్న వైపు చూసింది, ఆయన చూపుడు వేలు పైకెత్తాడు, అమ్మాయి "అవుట్" అంది. 'ఒక అమ్మాయి' అని రాశావు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాకెట్ సంచి తలకింద పెట్టుకుని పడుకున్న సంగతి, సంచి జిప్పు చెంపకి గుచ్చుకున్న సంగతి కూడా ఆ ఒక అమ్మాయివేనా? ఆ నాలుగు లైన్ల తర్వాత మళ్ళీ ఫెదరర్ దగ్గరికి పారిపోయావు.

పెద్ద కోర్టుల్లో ఈ విషయంలో నిజాయితీకి పని తగ్గిపోతోందమ్మా. 2025 నుంచి వింబుల్డన్‌లో కూడా లైన్ జడ్జిలు లేరు, యంత్రమే అవుటని పిలుస్తుంది. రాడిక్ ఇప్పుడు ఆ కోర్టులో ఉంటే పాయింటు వదులుకుందామన్నా కుదరదు. యంత్రానికి చిక్కనివి కొన్ని ఇంకా మిగిలాయనుకో. 2025 ఫ్రెంచ్ ఓపెన్‌లో బెన్ షెల్టన్‌తో ఆడుతూ అల్కరాజ్ బంతి కోసం దూకాడు, రాకెట్ చేయి వదిలాక బంతికి తగిలింది. అంపైర్ గమనించకపోతే తనే చెప్పి పాయింటు ఇచ్చేశాడు. అలాంటివి ఎప్పుడో ఒకటి. గీత దగ్గర పరీక్ష రోజూ జరిగేది మీ జూనియర్ కోర్టుల్లోనే. కుర్చీ అంపైర్ ఉండడు, రిఫరీ నాలుగైదు కోర్టుల మధ్య తిరుగుతుంటాడు. తన వైపు పడ్డ బంతి లోపలో బయటో ఆ పిల్లే కాల్ చెప్పాలి, అనుమానం వస్తే పాయింటు అవతలివాళ్ళదే. మట్టి కోర్టయితే గుర్తు చూడొచ్చు, గుర్తు చెరిపినవాళ్ళు కాల్ వదులుకున్నట్టే. ఇవన్నీ నాకన్నా నీకే బాగా తెలుసు. అయినా ఒక్కటీ రాయలేదు! 2023లో బుడాపెస్ట్‌లో టోత్ అనే అమ్మాయి జాంగ్ షుయాయ్ బంతి గుర్తుని కాలితో చెరిపేసిందని మాత్రం మూడు పేరాలు దులిపేశావు. టోత్ తర్వాత క్షమాపణ చెప్పుకుంది, అది కూడా చేర్చు.

అంపైర్ లేని ఆటలో ప్రతి పాయింటుకి ముందు సర్వ్ చేసేవాళ్ళు స్కోరు పైకి చెప్పాలన్నది కూడా నిబంధనే. నీ నాలుగు లైన్లలో ఎవరూ చెప్పలేదు. చెప్పించు. మొదటి ఎనిమిది పేజీలు తీసి పక్కన పెట్టు, తొమ్మిదో పేజీలోంచి మొదలుపెట్టు. నాన్నని దుర్మార్గుడిని చెయ్యకు, దేవుణ్ణీ చెయ్యకు. టికెట్లకీ, కోచింగుకీ, బంతుల డబ్బాలకీ ఎంతయిందో ఆయన నోట్‌బుక్కులో ఉండే ఉంటుంది, అది అడుగు. చివర్లో ఆ అమ్మాయి చేత బుద్ధి తెచ్చుకున్నానని అనిపించావో, ఆ వారపత్రిక ఎడిటర్ గారి వారసులకే పంపుకో, నాకు పంపకు.

జకోవిచ్ వాక్యం మాత్రం ఈ వ్యాసంలో ఉన్నా లేకపోయినా సరిచేసి పెట్టుకో. 2020 యూఎస్ ఓపెన్‌లో ఆయన లైన్ జడ్జిని 'కొట్టాడు' అని రాశావు. మొదటి సెట్టులో 5-4 మీద మూడు సెట్ పాయింట్లు చేజార్చుకుని, తర్వాత తన సర్వీసు కూడా పోగొట్టుకుని 5-6 దగ్గర విసుగ్గా బంతిని వెనక్కి కొట్టాడు, అటు చూడలేదు. అది వెళ్ళి ఆమె గొంతుకి తగిలింది. కావాలని కాకపోయినా అక్కడ హెచ్చరికలూ మెట్లూ లేవు, నేరుగా ఇంటికి పంపారు. ఆ ఏడాది అప్పటిదాకా ఒక్క మ్యాచ్ ఓడలేదు ఆయన.

ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని ఏవేవో అడిగావు. అవి తర్వాత. ముందు ఆ రోజు ఆ బంతి పడ్డప్పుడు స్కోరెంతో రాసి పంపు. గుర్తులేదని మాత్రం అనకు. వీలైతే అవతల ఆడిన అమ్మాయి ఇప్పుడెక్కడుందో కనుక్కుని ఆమెనీ అడుగు. ఆమె చెప్పిన స్కోరు వేరేగా ఉంటే రెండూ రాయి.

ఆశీస్సులతో,
మీ వాల్తేరు మాష్టారు